కాన్సరు ముందస్తు పరీక్షలు – మేలెంత? కీడెంత?



వ్యాధి వచ్చిన పిమ్మట వైద్యుని వెదకికొని పోవుట లోకములో అనాదిగా ఉన్న ఆచారము. ఏ బాధా లేని మనిషిని వైద్యుడే పిలిచి, నీలో ఏదైనా దాగి ఉన్నదేమో చూద్దాము రమ్మని అడుగుట మాత్రము కొత్త. కాన్సరు విషయములో ఈ కొత్త ఆచారము ఇప్పుడు మన వీథులలోకి వచ్చినది. ఒక వైపు ఆరోగ్య కేంద్రమునుండి నర్సమ్మ వచ్చి ముప్పది దాటిన స్త్రీలను పిలుస్తున్నది. మరొక వైపు పట్టణములోని పెద్ద ఆసుపత్రి, పండుగ రాయితీతో సమస్త దేహమునకు పరీక్షలు చేస్తామని పత్రికలో ప్రకటన వేస్తున్నది. రెండింటిని మనము ఒకే పేరుతో పిలుస్తున్నాము. రెండింటి ఫలమూ ఒకటేనా అన్నదే నేటి నా ప్రసంగ విషయము.

ఈ ప్రశ్న నాకు పుస్తకములలో ఎదురైనది కాదు. మా ఇంటిలోనే ఎదురైనది. మా మేనత్తగారు పల్లెలో సేద్యము చేయించుకుంటూ నలుగురు పిల్లలను పెంచిన మనిషి. ముట్లుడిగిన మూడేళ్లకు ఆమెకు మళ్లీ రక్తము కనబడినది. సిగ్గుచేత ఏడు నెలలు ఎవ్వరితోనూ అనలేదు. చివరకు మా అమ్మతో, "ఈ సంగతి ఎవరితో చెప్పుకోను వదినా?" అన్నది. పట్నము తీసుకొని వెళ్లేసరికి గర్భాశయ ముఖద్వారపు కాన్సరు చాలా దూరము పాకినది. ఏడాది తిరగకముందే ఆమె మాకు లేకుండా పోయినది. ఆ వ్యాధి పుండుగా మారకముందు పది సంవత్సరములకు పైగా నిశ్శబ్దముగా పెరుగుతుందనీ, ఆ కాలములో ఒక్క పరీక్ష జరిగినా పట్టుబడి ఉండేదనీ వైద్యులు చెప్పినారు. ఆ పరీక్ష ఆమె పేరైనా వినలేదు.

మా చిన్నాన్నగారి కథ దీనికి వ్యతిరేకము. ఆయన పదవీ విరమణ చేసిన ప్రధానోపాధ్యాయులు, డెబ్బదినాలుగేళ్ల వయస్సున రోజూ నాలుగు మైళ్లు నడిచేవారు. కుమారుడు ప్రేమతో పుట్టినరోజు కానుకగా ఒక ఆసుపత్రిలో పరీక్షలన్నీ చేయించినాడు. ప్రొస్టేటు గ్రంథికి సంబంధించిన పి.ఎస్.ఏ. అను రక్తపరీక్షలో అంకె కొంచెము ఎక్కువగా వచ్చినది. ముక్క తీసి చూడవలెనన్నారు. తీసిన మూడవ నాడు చలిజ్వరము. రక్తములో చీము చేరి పది రోజులు ఆసుపత్రిలో ఉండవలసి వచ్చినది. కాన్సరు లేదని తేలినది. ఐనా మూడు నెలలకొకసారి మళ్లీ పరీక్ష, మళ్లీ నిద్రలేని రాత్రులు. ఆయన నాతో అన్నమాట నాకు మరపునకు రాదు: "ఒరే, నాకు ఏ జబ్బూ లేదని తెలుసుకోవడానికి ఎంత జబ్బు పడవలసి వచ్చిందిరా!"

ఒకరు పరీక్ష లేక నష్టపోయినారు. మరొకరు పరీక్ష వలన నష్టపోయినారు. కాబట్టి పరీక్ష మంచిదా, చెడ్డదా అని అడుగుట సరికాదు. ఏ పరీక్ష, ఎవరికి, ఏ వయస్సున, దాని తర్వాత ఏమి జరుగుతుంది అని అడుగవలెను.

మొదట ఒక భేదమును గుర్తించవలెను. ఒంటిలో గడ్డ కనబడినా, మానని పుండు ఉన్నా, అకాల రక్తస్రావము కలిగినా చేయించే పరీక్ష స్క్రీనింగు కాదు, అది రోగనిర్ణయము. దానికి లాభనష్టముల తర్కము లేదు; వెంటనే వెళ్లవలసినదే. స్క్రీనింగు అంటే ఏ లక్షణమూ లేని వేలాదిమందిని జల్లెడ పట్టుట. మన ఇళ్లలో జల్లెడ సంగతి ఎరుగని వారు లేరు. కన్నము పెద్దదైతే రాయి కూడ గింజతో పాటు జారిపోతుంది. కన్నము మరీ చిన్నదైతే మంచి గింజ కూడ రాయితో పాటు పైన నిలిచిపోతుంది. రాళ్లన్నింటిని ఆపి, గింజలన్నింటిని వదలే జల్లెడను ఇంతవరకు ఎవరూ చేయలేదు. వైద్యుల పరీక్ష కూడ అంతే. వ్యాధి ఉన్న కొందరిని లేదని పంపివేస్తుంది. వారు నిశ్చింతగా ఉండి, తర్వాత లక్షణము కనబడినా నిర్లక్ష్యము చేస్తారు. వ్యాధి లేని కొందరిని నిలబెట్టి భయపెడుతుంది. పరీక్షలో పాజిటివ్ అని వచ్చుట అంటే కాన్సరు ఉన్నదని తీర్పు కాదు. మరొకసారి చూడవలెనని హెచ్చరిక మాత్రమే. ఈ ఒక్క సంగతి ముందుగా తెలిసి ఉంటే ఎన్ని ఇళ్లలోనో ఆ రాత్రి పొయ్యి వెలిగేది.

ఇక రెండవ భ్రమ ఒకటి ఉన్నది. ఎంత ముందు తెలిస్తే అంత మంచిదని మనకు తోస్తుంది. ఇది ఎప్పుడూ నిజము కాదు. ఇద్దరు అన్నదమ్ములకు ఒకే విధమైన కాన్సరు వచ్చినదనుకొందాము. అన్నకు అరువదవ ఏట పరీక్షలో బయటపడినది. తమ్మునికి అరువదినాలుగవ ఏట దగ్గు వచ్చి బయటపడినది. ఇద్దరూ అరువదియారవ ఏట మరణించినారు. లెక్కలలో అన్న వ్యాధితో ఆరేళ్లు జీవించినాడు, తమ్ముడు రెండేళ్లే జీవించినాడు. పరీక్ష నాలుగేళ్ల ఆయుస్సు ఇచ్చినట్లు కనబడుతుంది. నిజమునకు అది ఇచ్చినది ఆయుస్సు కాదు, నాలుగేళ్ల దిగులు. అందుచేతనే, పరీక్షలో పట్టుబడిన వారు ఎక్కువకాలము బ్రతికినారు అన్న ప్రకటన ఒక్కదానిని నమ్మరాదు. పరీక్ష జరిగిన ఊళ్లలో, జరగని ఊళ్లకన్నా ఆ వ్యాధితో చనిపోయినవారు తగ్గినారా అన్నదే అసలైన కొలత.

మూడవది మరింత సూక్ష్మమైనది. కాన్సరు అన్న ఒక్క మాట క్రింద అనేక స్వభావములు గల వ్యాధులు ఉన్నవి. పొలములో కలుపును చూడండి. కొన్ని మొక్కలు మొలిచి, వాటంతట అవే ఎండిపోతాయి. కొన్ని మెల్లగా పెరిగి, సమయానికి తీయకపోతే పైరును మింగుతాయి. మరికొన్ని రైతు చూసేలోపుననే చేను కమ్ముతాయి. మధ్యరకపు కలుపు విషయములోనే ముందుచూపు ఉపయోగిస్తుంది. మొదటి రకము దేహములో ఉన్నా మనిషి మరొక కారణముచేత, ముసలితనమున, ఆ సంగతి ఎరుగకయే వెళ్లిపోతాడు. పరీక్ష దానిని వెలికితీసినదా, ఇక కత్తి, కిరణము, మందు – ఏ ఉపకారమూ లేని చికిత్స మొదలవుతుంది. వైద్యులు దీనిని అతినిర్ణయము అంటారు. విచారకరమైన విశేషమేమంటే, ఇట్లు అనవసర చికిత్స పొందిన రోగి తాను బ్రతికి బయటపడినానని పరీక్షకు జేజేలు పలుకుతాడు. తనకు జరిగిన నష్టము తనకే తెలియదు.

ఇవి ఊహలు కావు. దక్షిణ కొరియా దేశములో 1999 లో కాన్సరు పరీక్షల జాతీయ కార్యక్రమము ఆరంభమైనది. అందులో కంఠమునందలి థైరాయిడు గ్రంథి పరీక్ష లేదు. కాని కొద్ది రుసుము అదనముగా తీసుకొని ఆసుపత్రులు అల్ట్రాసౌండు యంత్రముతో దానిని కూడ చూడసాగినవి. 2011 నాటికి ఆ దేశములో థైరాయిడు కాన్సరు నిర్ణయము 1993 నాటికంటే పదిహేను రెట్లు పెరిగినది. ఆ వ్యాధితో మరణించేవారి సంఖ్య మాత్రము పెరగలేదు, తగ్గలేదు. దొరికినవారిలో దాదాపు అందరికీ శస్త్రచికిత్స జరిగినది. చాలమంది జీవితాంతము మాత్ర మింగవలసిన వారైనారు. శస్త్రచికిత్స పొందినవారిలో నూటికి 11 మందికి కాల్షియమును అదుపులో ఉంచే చిన్న గ్రంథులు దెబ్బతిన్నవి. నూటికి ఇద్దరికి స్వరతంతువులు చచ్చుబడినవి. 2014 లో అక్కడి వైద్యులు కొందరు ముందుకు వచ్చి ఈ సంగతిని ప్రజలకు చెప్పినారు. మరుసటి సంవత్సరమే ఆ శస్త్రచికిత్సలు మూడవ వంతుకు పైగా తగ్గినవి. నిజము చెప్పుట కూడ ఒక చికిత్సయే అనుటకు ఇంతకన్న నిదర్శనము అక్కరలేదు.

ఇప్పుడు మేలును చూద్దాము. ఇందుకు విదేశములకు పోనక్కరలేదు. మహారాష్ట్రములో ఉస్మానాబాదు జిల్లా ఉన్నది. 2023 నుండి దానిని ధారాశివ్ అంటున్నారు. ఆ జిల్లా పల్లెలలో 1999 మొదలు 2003 వరకు డాక్టర్ శంకరనారాయణన్, ఆయన సహచరులు 30–59 సంవత్సరముల వయస్సు గల 1,31,746 మంది స్త్రీలను నాలుగు వర్గములుగా చేసి, మూడు వర్గములకు మూడు రకముల పరీక్షలు ఒక్కొక్కసారి జరిపించినారు. మొదటిది, వ్యాధికి మూలమైన హ్యూమన్ పాపిలోమా వైరస్ ఉన్నదా లేదా అని చూచుట. గర్భాశయ ముఖద్వారపు కాన్సరుకు ఈ వైరసే కారణమని స్థాపించినందుకే జర్మనీ శాస్త్రజ్ఞుడు హారాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008 లో నోబెల్ బహుమానము వచ్చినది. రెండవది, పపనికొలావు అను వైద్యుని పేర ప్రసిద్ధమైన పాప్ స్మియరు. మూడవది అతి సులభము: పలుచని వెనిగరు వంటి ఆమ్లమును అద్ది ఒక నిమిషము ఆగి చూస్తే, చెడిన చోటు తెల్లబారుతుంది. నాలుగవ వర్గమునకు ఏ పరీక్షా లేదు. ఆరోగ్య కేంద్రములలో లభించే మామూలు సేవలే.

ఎనిమిది సంవత్సరములు గమనించి 2009 లో ఫలితములు ప్రకటించినారు. పరీక్ష లేని వర్గములో సుమారు 31,000 మంది స్త్రీలలో 64 మంది ఈ కాన్సరుతో మరణించినారు. వైరసు పరీక్ష జరిగిన వర్గములో సుమారు 34,000 మందిలో 34 మంది మరణించినారు. తక్కిన రెండు పరీక్షలు ఒక్కసారి చేసినందువలన చెప్పుకోదగిన తగ్గుదల కనబడలేదు. ఐతే ముంబాయిలో టాటా మెమోరియల్ ఆసుపత్రివారు 1998 లో మొదలుపెట్టిన మరొక ప్రయోగములో, ఆ ఆమ్లపు పరీక్షనే శిక్షణ పొందిన సామాన్య కార్యకర్తలు రెండేళ్లకొకసారి చొప్పున నాలుగు విడతలు చేయగా మరణములు నూటికి 31 వంతులు తగ్గినవి. సులభమైన పరీక్ష ఐనా పట్టు విడువక చేస్తే ఫలమిస్తుందన్నమాట.

శ్రోతలు ఇక్కడ ఒక్క క్షణము ఆగి ఆ ఉస్మానాబాదు అంకెలను మరొకసారి చూడవలెనని నా కోరిక. మరణములు సగానికి సగము తగ్గినవి అనవచ్చును. వెయ్యిమంది స్త్రీలలో ఇద్దరు మరణించవలసినచోట ఒక్కరే మరణించినారు అని కూడ అనవచ్చును. రెండు మాటలూ ఒకే సత్యము. మొదటి మాట వింటే పరీక్ష మహాద్భుతమని తోస్తుంది. రెండవ మాట వింటే ఇంతేనా అనిపిస్తుంది. ఆ వెయ్యిమందిలో నూరుమందికి పైగా వైరసు ఉన్నదని తేలి, భయపడి, రెండవ పరీక్షకు వెళ్లవలసి వచ్చినది. వారిలో చాలమందికి ప్రమాదమేమీ లేదు. ఒక దినపు కూలి, బస్సు ఖర్చు, ఇంటిలో నలుగురి అనుమానపు చూపు – ఇవన్నీ త్రాసులో రెండవ తట్టలో ఉన్నవి. మొదటి తట్టలో ఉన్నది ఒక స్త్రీ ప్రాణము. మా మేనత్తగారి వంటి ఒక స్త్రీ ప్రాణము. నాకు ఏ తట్ట బరువుగా తోస్తుందో చెప్పనక్కరలేదు. ఐనా రెండవ తట్ట ఉన్నదని దాచుట న్యాయము కాదు.

మరొక మాట కూడ చెప్పక తప్పదు. పరీక్ష లేని వర్గములలో ఉంచబడి మరణించిన స్త్రీల విషయమై తర్వాతి కాలములో తీవ్రమైన విమర్శ వచ్చినది. వారిని పరీక్షించకుండ గమనించుట ధర్మమా అన్న ప్రశ్న నేటికీ మిగిలియే ఉన్నది. నేడు మనకు తెలిసినది వారి వలన తెలిసినది. ఆ తెలివిని వినియోగించకపోవుట మాత్రము రెండవ అపరాధము.

నోటి కాన్సరు సంగతి తిరువనంతపురములో తేలినది. 1996 లో ఆరంభించి, పంచాయతీలవారీగా జనుల నోళ్లను వెలుతురులో పరీక్షించినారు. యంత్రము లేదు, సూది లేదు. శిక్షణ పొందిన కండ్లు మాత్రమే. 2005 లో వెల్లడించిన ఫలితముల ప్రకారము, పొగాకు, మద్యముల అలవాటు ఉన్నవారిలో ఈ వ్యాధి వలన మరణములు నూటికి 34 వంతులు తగ్గినవి. అలవాటు లేనివారికి లాభము కనబడలేదు. ఈ మాట మన శ్రీకాకుళము, విశాఖపట్నము తీరములలో ఉన్నవారు ముఖ్యముగా వినవలెను. అక్కడ చుట్ట నిప్పును నోటిలోపల ఉంచుకొని అడ్డపొగ త్రాగే అలవాటు పెద్ద వయస్సు స్త్రీలలో కూడ ఉన్నది. ఆ వేడి, ఆ పొగ అంగిలిని కాల్చి కాన్సరుకు దారి తీయుట చిరకాలముగా వైద్యులు ఎరిగినదే. అట్టి ఇంటిలో అవ్వ నోరు తెరిపించి చూపించుటకు మించిన సులభమైన పరీక్ష లేదు. చుట్ట మాన్పించుటకు మించిన మందూ లేదు.

రొమ్ము కాన్సరు విషయములో త్రాసు మరింత సమముగా నిలుస్తుంది. బ్రిటనులో స్వతంత్ర నిపుణుల సంఘము ఒకటి 2012 లో లెక్క కట్టి చెప్పినది: యాభై ఏళ్ల స్త్రీలను పదివేలమందిని ఇరువది సంవత్సరములపాటు మామోగ్రాము అను ఎక్స్‌రే పరీక్షకు పిలిస్తే 43 మంది ప్రాణములు నిలుస్తాయి, 129 మంది తమకు ఎన్నడూ హాని చేయని కాన్సరుకు చికిత్స పొందుతారు. ఒకరికి మేలు జరిగినచోట ముగ్గురికి అనవసర చికిత్స. ముంబాయిలో యంత్రముతో గాక, శిక్షణ పొందిన స్త్రీల చేతి స్పర్శతో చేసిన పరీక్షల ఫలితము ఇరువది ఏళ్ల తర్వాత 2021 లో వెలువడినది. యాభై దాటినవారిలో మరణములు నూటికి దాదాపు ముప్పదివంతులు తగ్గినవి. అంతకు లోపు వయస్సువారికి మేలు రుజువు కాలేదు. వయస్సు చూడక పరీక్షించుట ఎంత తప్పో దీనివలన తెలుస్తుంది.

మా చిన్నాన్నగారికి చేసిన రక్తపరీక్షను గురించి కూడ ఐరోపాలో ఎనిమిది దేశములవారు పెద్ద ప్రయోగము చేసినారు. ఇరువదిమూడు సంవత్సరములు గమనించి 2025 లో చెప్పినదేమంటే, 456 మందిని పరీక్షకు పిలిస్తే ఒక మరణము తప్పుతుంది. ఆ ఒక్కనికై మరి 12 మందికి కాన్సరు ఉన్నదని అదనముగా తేలుతుంది. అది ముఖ్యముగా 55–69 సంవత్సరముల వారిని గూర్చిన లెక్క. డెబ్బదినాలుగేళ్ల మనిషికి ఆ లెక్క చెప్పి, మీకు కావలెనా అని అడిగి ఉంటే ఆయన ఏమని ఉండేవారో! ఎవరూ అడుగలేదు. నా అభియోగము పరీక్షమీద కాదు, ఆ అడుగకపోవుటమీద.

ఇట్టి చిక్కులను ఊహించియే విల్సన్, యుంగ్నర్ అను ఇద్దరు 1968 లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు కొన్ని నియమములు వ్రాసి ఇచ్చినారు. వ్యాధి ముఖ్యమైనదై ఉండవలెను. అది దాగి ఉండే దశ ఒకటి ఉండవలెను. పరీక్ష జనులకు సమ్మతమై ఉండవలెను. బయటపడినవారికి చికిత్స అందుబాటులో ఉండవలెను. ఈ చివరి నియమము మనకు ప్రాణప్రదము. పరీక్ష చేసి, వ్యాధి ఉన్నదని చెప్పి, చికిత్సకు నూరు మైళ్ల దూరమున ఉన్న ఆసుపత్రి పేరు చీటీమీద వ్రాసి ఇచ్చి పంపితే అది సేవ కాదు. మన కేంద్ర ప్రభుత్వము 2016 లో వెలువరించిన సూచనలలో 30–65 సంవత్సరముల వారికి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారము – ఈ మూడింటి పరీక్షలనే నిర్దేశించినారు. ఆ మూడింటినే ఎన్నుకొనుటలో వివేకమున్నది. కాగితముమీది ఆ వివేకము ప్రతి ఊరికీ అందవలసి ఉన్నది.

కాబట్టి శ్రోతలు ఇంటిలో కూర్చుండి ఆలోచించవలసినవి నాలుగు ప్రశ్నలు. ఈ పరీక్ష నా వయస్సు, నా అలవాట్లు ఉన్నవారికి మేలు చేసినట్లు రుజువైనదా? వెయ్యిమంది చేయించుకుంటే ఎందరి ప్రాణము నిలుస్తుంది, ఎందరికి వృథా బాధ కలుగుతుంది? అనుమానము వస్తే తర్వాత చేయవలసినదేమి, దానిలో ప్రమాదమేమి? వ్యాధి తేలితే చికిత్స ఎక్కడ, ఎంత ఖర్చు? ఈ నాలుగింటికి ఓర్పుతో జవాబు చెప్పే వైద్యుని చేతిలో పరీక్ష చేయించుకొనండి. నూటికి ఎన్నివంతులు తగ్గుతుంది అని మాత్రమే చెప్పేవారిని, వెయ్యికి ఎందరు అని మళ్లీ అడగండి.

ముఖ్యముగా తల్లులకు, అక్కచెల్లెండ్రకు ఒక మనవి. గర్భాశయ ముఖద్వారపు పరీక్ష ఈ నాలుగు ప్రశ్నలకు నిలిచిన పరీక్ష. నూటికి 70 మంది స్త్రీలకు ముప్పదియైదవ ఏటికి ఒకసారి, నలుబదియైదవ ఏటికి మరొకసారి మంచి పరీక్ష జరగవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 లో లక్ష్యము పెట్టుకున్నది. బాలికలకు టీకా ఉన్నది. టీకా వేయించుకున్నవారికి కూడ పెద్దయిన తర్వాత పరీక్ష అవసరమే. నర్సమ్మ వచ్చి పిలిచినప్పుడు సిగ్గుపడి తలుపు వేసుకొనవద్దు. మగవారు కూడ ఆ రోజు పొలము పని, వంట పని ఎవరు చేస్తారని అడ్డుపెట్టవద్దు.

మా మేనత్తగారి పెద్దకూతురు నిరుడు ఆ పరీక్ష చేయించుకున్నది. కొంచెము చెడిన చోటు కనబడినదట. పది నిమిషములలో చికిత్స చేసి ఆ సాయంకాలమే ఇంటికి పంపినారట. అది కాన్సరుగా మారి ఉండేదో, దానంతట అదే మాని ఉండేదో ఎవరూ చెప్పలేరు. ఆ సంగతి వైద్యురాలు ఆమెకు ముందే చెప్పినదట. అన్నీ విని, ఆలోచించి, చేయించుకున్నానని మా మరదలు నాతో చెప్పినది. మన రోగులందరికీ ఆ మాట అనగలిగే దినము రావలెను.